ఉడుతతో కుర్రాడు: ప్రింట్ కొనొచ్చు, కానీ సైజు చూసుకోండి

మా అమ్మాయి బొమ్మలు వేస్తుంది. తన గదికని ఆన్‌లైన్‌లో అమెరికా చిత్రకారుడు కాప్లీ వేసిన ‘ఎగిరే ఉడుతతో బాలుడు’ ప్రింట్ తెప్పించాను. అసలుది బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. 1765లో, యూరప్ మొహం కూడా చూడకముందే కాప్లీ తన సవతి తమ్ముడు హెన్రీ పెల్హమ్‌ని కూర్చోబెట్టి వేశాడు. మరుసటి ఏడాది లండన్ ప్రదర్శనకు పంపితే అక్కడివాళ్లు మెచ్చుకున్నారు.

కాగితం మందంగా ఉంది, ఫ్రేము గట్టిది. గులాబీ రంగు శాటిన్ కాలరు మెరుపు చక్కగా వచ్చింది. వేళ్ల మధ్య వదులుగా వేలాడే బంగారు గొలుసు, గింజ కొరుకుతున్న ఉడుత, నున్నటి బల్ల మీద నీళ్ల గ్లాసు, పక్కనే దాని నీడ. ఆ గ్లాసు దగ్గరే నేను ఎంతసేపైనా ఆగిపోతాను. కలిగినింటి పిల్లాడి దర్జా అంతా ఆ బల్ల నునుపులోనే తెలుస్తుంది.

వెనక ఎర్ర తెర మాత్రం ప్రింట్‌లో నల్లబడింది, మడతలు కలిసిపోయాయి. చిన్న సైజు అస్సలు వద్దు, ఉడుత కన్ను కనిపించదు. పెద్దదే తీసుకోండి. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం.