కోనసీమ గ్రావెల్ సైక్లింగ్ ప్యాకేజీ కొంటున్నారా? ‘అంతా చదునే, చాలా ఈజీ’ అన్న మాటకు డబ్బు కట్టకండి

గోదావరి డెల్టాలో కాలువ గట్ల వెంట రెండు రోజుల గ్రావెల్ రైడ్ (అంటే తారు లేని కంకర, మట్టి బాటల మీద సైకిలు ప్రయాణం) అంటూ ఆన్‌లైన్‌లో ప్యాకేజీలు అమ్ముతున్నారు. నవంబరు చివర్లో మేము కొన్నదీ అలాంటిదే. మనిషికి ఆరున్నర వేలు. సైకిలు, రాత్రి బస, భోజనాలు, ముందు గైడు, వెనక వ్యాను అన్నీ అందులోనే అన్నారు. చెప్పినవాటిలో సరిగ్గా అందింది భోజనం ఒక్కటే. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. అయినా ఈ రకం అమ్మకాలు ఒక్కరితో ఆగేవి కావు, అందుకే పేరు కన్నా పద్ధతి తెలియడం ముఖ్యం.

ప్రకటనలో ‘ఎక్కుడు లేదు, దిగుడు లేదు, పిల్లలు కూడా తొక్కేయొచ్చు’ అని రాశారు. పైన ఒక ఫోటో: నీళ్ల పక్కన ఎర్రటి గ్రావెల్ బాట, వెనక పచ్చటి కొండ. కోనసీమలో కొండ ఎక్కడిదండీ అని ఫోన్‌లో అడిగితే, ‘అది శాంపిల్ ఫోటో సార్, రూటు ఇంకా బాగుంటుంది’ అన్నారు.

చదును అన్నది అబద్ధం కాదు. ధవళేశ్వరం దాటాక నేల సముద్రం దాకా పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు, వాటి పిల్ల కాలువలు ఊరూరా తిరుగుతాయి. ప్రతి కాలువకూ రెండు గట్లు. అవి కాక వరద ఆపడానికి నది పొడవునా ఏటిగట్లు, సముద్రం దగ్గరపడేకొద్దీ రొయ్యల చెరువుల గట్లు. ఉపగ్రహ మ్యాపులో ఇవన్నీ ఒకేలాంటి సన్నటి గీతలు. ఏటిగట్టు మీద గ్రావెల్ పరిచి ఉండొచ్చు, చాలా కాలువలకు ఒక గట్టు తారు రోడ్డయితే రెండోది ఉత్త మట్టి, చెరువు గట్టేమో ఎవరిదో సొంత ఆస్తి. మాకు అమ్మినవాళ్లు ఆ గీతలు కలిపి రూటు ఫైలు (ఫోన్‌లో దారి చూపించే మ్యాపు) తయారుచేశారు. దాని మీద వాళ్లెవరూ సైకిలు తొక్కలేదని మొదటి రోజు మధ్యాహ్నానికే గైడు నోటివెంట వచ్చేసింది. పాపం ఆ కుర్రాడిది రాజమండ్రే, రోజు కూలికి పిలిచారట.

మొదలుపెట్టింది శనివారం, లొల్ల లాకుల దగ్గర. చోటు అందంగా ఉంటుంది, అందులో పేచీ లేదు. కానీ పక్కనే వాడపల్లి వెంకన్న గుడి. ఏడు శనివారాల మొక్కు కోసం జనం విరగబడి వస్తారని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఆ గట్టు రోడ్డు మీద కార్లు, ఆటోలు, నడిచి వెళ్లే భక్తులు; మధ్యలో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని వణికే మా కొత్తవాళ్లు. ‘ట్రాఫిక్ లేని పల్లె బాట’ అని బ్రోషర్‌లో ఉన్న ముక్క ఇదే.

అసలు కష్టం తారు రోడ్డు వదిలి కుడిగట్టు ఎక్కాక. సార్వా కోతల కాలం. ముందురోజు జల్లు పడింది. కోత మిషన్లు, ధాన్యం ట్రాక్టర్లు తిరిగి గట్టంతా చక్రాల గాడులు పడిపోయాయి. ఒండ్రు మట్టి తడిస్తే టైరును వదలదు. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగడమే మానేస్తుంది. పుల్లతో గీకడం, పది గజాలు తోయడం, మళ్లీ గీకడం. ఆ గట్టు దాటాక ఒక ముక్క మీద కొత్తగా కంకర పోసి ఉంది, రోలరు తిప్పలేదు. గుప్పెడంత రాళ్ల మీద సన్న టైరు పక్కకు జారిపోతుంది. మాతో వచ్చిన మా మేనకోడలు అక్కడే పడి మోచెయ్యి చీరుకుంది.

మరి వ్యాను? వ్యాను కనపడుతూనే ఉంది, కాలువకు అవతల! తారు రోడ్డు ఎడమగట్టున, మేము కుడిగట్టున, మధ్యలో నిండు కాలువ. వంతెనో లాకో వస్తే తప్ప దాటే దారి లేదు. దగ్గర్లో ఉన్నది తాటిపట్టెల వంతెన ఒకటి, మనిషి నడవడానికే భయం వేసేది. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, పంప్, మంచినీళ్లు అన్నీ అవతల, డ్రైవరు చెయ్యి ఊపుతున్నాడు. చివరికి ఒక రైతు తన బండి మీద పిల్లని ఎక్కించుకుని ముందున్న వంతెన దాటించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. సపోర్ట్ వాహనం ఉంది అని ఎవరైనా చెబితే, ఏ గట్టున ఉంటుందని అడగండి. డెల్టాలో ఆ ప్రశ్న విలువ అక్కడ ఇరుక్కున్నవాళ్లకే తెలుస్తుంది.

సైకిళ్ల సంగతి. గ్రావెల్ బైక్, 40 మిల్లీమీటర్ల టైరు అని రాసిచ్చారు. ఇచ్చినవి 32 మిల్లీమీటర్ల నున్నటి టైర్ల హైబ్రిడ్లు (మామూలు రోడ్డుకు సరిపోయే రకం సైకిళ్లు), రిమ్ము పట్టుకునే పాతరకం బ్రేకులు. బురద పట్టాక ఆ బ్రేకులు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గట్ల మీద పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు మామూలే, అందుకే ఇక్కడ తొక్కేవాళ్లు ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ (పంక్చరును తనంతట తానే పూడ్చే ద్రవం) పోసుకుంటారు. మాకు మామూలు ట్యూబులు, గుంపంతటికీ ఒక్క ప్యాచ్ కిట్.

రెండో రోజు పొద్దున అల్లవరం వైపు ‘తీరప్రాంతపు బాట’ అన్నది రొయ్యల చెరువుల గట్టు. గేటుకు తాళం. కాపలావాడు కుక్కను పట్టుకుని, ‘ఇది మా అయ్యగారి చెరువండీ, బయటివాళ్లను రానిస్తే నా ఉద్యోగం పోద్ది’ అన్నాడు. అతని మాటలో తప్పేముంది? అక్కడి నుంచి వెనక్కి తిరిగి మెయిన్ రోడ్డు మీద లారీల మధ్య ముక్తేశ్వరం దాకా. పైగా ఉత్తరం వైపు తొక్కుతుంటే ఎదురుగాలి. చదునులో ఇదొక ఇబ్బంది, దిగుడే ఉండదు కాబట్టి తొక్కడం ఆపి కాళ్లకు విశ్రాంతి ఇచ్చే అవకాశం ఉండదు.

ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి గౌతమి దాటించడానికి ‘ప్రైవేట్ బోటు’ అన్నారు. చూస్తే రేవుకు దూరంగా ఒక చిన్న నావ, లైఫ్ జాకెట్లు లేవు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం మర్చిపోయి ఎవరు ఎక్కుతారు? మేము ఎక్కలేదు. రేవులో పంటు (వాహనాలను కూడా దాటించే పెద్ద పడవ) ఉంది, సొంత డబ్బుతో టికెట్లు తీసుకుని సైకిళ్లతో సహా అందులో దాటాం.

రీఫండ్ అడిగితే మొదట ‘ప్రకృతి మన చేతిలో లేదు సార్’ అన్నారు. వర్షం సంగతి సరే, టైరు సైజు కూడా ప్రకృతేనా అంటే జవాబు లేదు. తర్వాత అడ్వాన్స్ నాన్ రీఫండబుల్ అని చిన్న అక్షరాల్లో ఉన్న లైను పంపారు. ఆ తర్వాత గ్రూప్ నుంచి మమ్మల్ని తీసేశారు.

కాబట్టి మీరు కట్టేముందు రూటు ఫైలు అడిగి తీసుకోండి. ప్రతి ముక్క ఏ గట్టు మీద వెళ్తుందో, దాని మీద ఉన్నది తారా, గ్రావెలా, ఉత్త మట్టా అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఈ నెలలో తీసిన వీడియో ఇమ్మనండి. పోయిన ఏడాది వీడియో పనికిరాదు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక పూడిక తీసి ఆ మట్టి గట్టు మీదే పోస్తారు, నిరుడు నున్నగా ఉన్న బాట ఇప్పుడు గుట్టలుగా ఉండొచ్చు. జులై నుంచి సెప్టెంబరు దాకా లంకల్లో తిప్పుతామనేవాళ్లను అసలు నమ్మొద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కనకాయలంక లాంటి చోట్ల వరదకు కాజ్‌వేలే మునిగిపోతాయి. కోతల కాలంలో అయితే తారు రోడ్డు మీద కూడా సగం మేర బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. దాని మీంచి సైకిలు పోనిస్తే రైతు తిట్టడంలో న్యాయం ఉంది. సైకిలు ఇచ్చేటప్పుడు టైరు పక్కన ఉన్న అంకెలు ఫోటో తీయండి. మా ఫిర్యాదులో ఇప్పుడు గట్టిగా నిలబడింది ఆ ఫోటో ఒక్కటే.

ఇప్పటికే మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ప్రకటన స్క్రీన్‌షాట్లు ముందే దాచుకోండి. మా గొడవ తర్వాత వాళ్లు టైరు సైజు ఉన్న లైను తీసేశారు. సంక్రాంతి బుకింగ్‌లు మాత్రం అదే మ్యాపుతో, అదే కొండ ఫోటోతో తెరిచారు.