ప్రాపర్టీ సైట్లలో ఇల్లు అమ్మకం: నేను చూసిన మంచీ చెడ్డా

కూకట్‌పల్లిలో అమ్మానాన్నల ఫ్లాటు, ఆ తర్వాత నిజాంపేటలో మా ఫ్లాటు అమ్మేటప్పుడు పేరున్న ప్రాపర్టీ సైట్లన్నీ వాడాను. కొనేవాళ్లను వెతికిపెట్టడంలో అవి దిట్టలే. ధర కట్టే పని మాత్రం వాటికి వదిలేయకండి.

ఆ అంచనాలకు ఆధారం చాలావరకు అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలే. అడిగిన ధర వేరు, బేరం తెగిన ధర వేరు. కూకట్‌పల్లి ఫ్లాటుకు సైటు చూపిన అంచనా కంటే చివరికి ఏడు లక్షలు తక్కువే వచ్చాయి. పైగా సైటు ఎన్ని ఎస్‌ఎఫ్‌టీ, ఎన్ని పడకగదులు, ఎన్నో అంతస్తు అని అడుగుతుంది కానీ, పాత అపార్ట్‌మెంటు కొనేవాళ్లు ముందుగా అడిగే యూడీఎస్ (నేలలో ఫ్లాటుకు వచ్చే వాటా) ఊసెత్తదు. మా పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటుకు 45 గజాల స్థలం వాటా వచ్చింది. దగ్గర్లోని గేటెడ్ కమ్యూనిటీ టవర్లలో అందులో సగం కూడా రాదు. సైటు లెక్కలో రెండూ ఒకటే ఏరియా, ఒకటే రేటు! తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు అయ్యే 7.5 శాతం ఖర్చును కొనేవాళ్లు మనసులోనే మన ధరలోంచి తీసేసుకుంటారు. ఆ సంగతీ అంచనాలో కనిపించదు.

నాకు పనికొచ్చింది రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. మన అపార్ట్‌మెంటులోనే ఈమధ్య అమ్ముడైన ఫ్లాటు ఈసీ తీస్తే, ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ పక్కనే దస్తావేజులో రాసుకున్న ధర కూడా ఉంటుంది. తక్కువ చేసి రాయించుకునే అలవాటు మనవాళ్లకు ఉన్నదే కాబట్టి, బ్యాంకు రుణంతో కొన్న ఫ్లాట్ల ధరలనే ఎక్కువగా నమ్మాను. సైటు అంచనా పైహద్దు, ఈసీ ధర కిందిహద్దు అనుకుని మధ్యలో బేరానికి కూర్చున్నాం.

ప్రకటన పెట్టిన గంటలోపే ఫోన్లు మొదలవుతాయి. దాదాపు అందరూ బ్రోకర్లే. "పార్టీ రెడీగా ఉంది సార్, బయానా ఈరోజే" అంటారు, ఆ పార్టీ ఎన్నటికీ రాదు. ఒకరోజు ఒక సైటులో మా బాల్కనీ, మా తులసికోట, ఆరేసిన మా దుప్పటితో సహా మరొకరి ప్రకటనలో కనిపించాయి. ధర ఐదు లక్షలు ఎక్కువ! ఫిర్యాదు చేస్తే తీసేశారు, వారానికి మరో పేరుతో మళ్లీ వచ్చింది. డబ్బు కట్టి "ప్రీమియం" తీసుకున్నాక పెరిగినవి ఈ ఫోన్లే.

ఫలితం ఇచ్చింది ప్రకటనలో రాసిన మాటలు. తూర్పు ద్వారం, మంజీరా నీళ్లు, యూడీఎస్ 45 గజాలు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ, పన్ను రసీదు సిద్ధం అని రాశాక ఫోన్లు తగ్గాయి, వచ్చినవాళ్లు అసలైనవాళ్లు. డాలస్‌లో ఉండే అబ్బాయి సైటులో చూసి మామగారిని పంపాడు. ఆయన హాలు వైపు కన్నెత్తి చూడకుండా వంటింట్లో కుళాయి తిప్పారు, బాత్రూం గోడ చెమ్మ తడిమి చూశారు, మెట్లమీదే వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడారు. బేరం ఆయనతోనే కుదిరింది.

ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (మన తరఫున ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, ఒప్పందంలో రాయించుకోండి. ప్రకటనకు మాత్రం వేరే సిమ్ వాడండి. ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిపోయినా ఫోన్లు ఆగవు.