సన్నక్జి, గేబుల్, మొంగె: మొదటిసారి తినేవాళ్ళకు ఏది మేలు?

సన్నక్జి, గేబుల్, మొంగె మూడూ కొరియాలో పచ్చిగా తినే సముద్ర జీవులు. సియోల్‌లోని నోర్యాంగ్‌జిన్ చేపల మార్కెట్లో తొట్టెలో కదులుతున్నదాన్ని చూపిస్తే చాలు, అప్పటికప్పుడు కోసి ఇస్తారు. కొరియా వెళ్ళిన మనవాళ్ళు అక్కడ ముందుగా వెతికేది సన్నక్జినే. నక్జి అంటే సన్నటి పొడుగు కాళ్ళున్న చిన్న ఆక్టోపస్, 'సన్' అంటే బతికున్నది అని. ముక్కలు కోసి, నువ్వుల నూనె, ఉప్పు, నువ్వులు వేసి పెడతారు. ముక్కలు పళ్ళెంలో మెలికలు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే ఆక్టోపస్ నరకణాల్లో సుమారు మూడింట రెండు వంతులు కాళ్ళలోనే ఉంటాయి. మెదడుతో సంబంధం తెగినా అవి ఊరుకోవు.

రుచి మాట చెప్పాలంటే, నాలుకకు తెలిసేది ఎక్కువగా నువ్వుల నూనే. మిగిలిందంతా నమలడమే. అసలు భయం గొంతు దగ్గర. సరిగ్గా నమలకుండా మింగితే కాలి మీద పీల్చి పట్టుకునే చిన్న గిన్నెల్లాంటివి గొంతుకు అతుక్కుంటాయి. ఊపిరాడక చనిపోయినవాళ్ళు ఉన్నారు. ముయాన్, మొక్పో వైపు చిన్న నక్జిని చాప్‌స్టిక్‌కు చుట్టి మొత్తంగా నోట్లో పెట్టుకుంటారు. అది మాత్రం ఎవరు పందెం కాసినా వద్దు.

గేబుల్ చూడగానే చాలామంది వెనకడుగు వేస్తారు. సముద్రపు బురదలో బొరియ చేసుకుని బతికే, లావుపాటి గులాబీ రంగు పురుగు అది. లోపలిది తీసేసి, కడిగి, ముక్కలు కోస్తారు. దాని రూపం చూసి జంకకపోతే తినడానికి ఇదే తేలిక. వాసన తక్కువ, కొంచెం తీపి, కరకరలాడుతూ సాగుతుంది. పుల్లటి కారపు ముద్ద చోగోచుజాంగ్‌లో ముంచుకుంటే ఆవకాయ అలవాటున్న నాలుకకు కొత్తేమీ అనిపించదు.

మొంగె ఎర్రటి బొడిపెలతో పైనాపిల్‌లా ఉంటుంది. లోపల నారింజ రంగు కండ. ముందు ఉప్పు, తర్వాత చేదు, చివరికి తీపి, వాటన్నిటి మీదా ఘాటైన సముద్రపు వాసన. తొంగ్‌యొంగ్ ఊళ్ళో దీన్ని అన్నంలో కలిపి బిబింబాప్‌గా పెడతారు. వాసనంటే పడనివాళ్ళకు కష్టమే.

నా ఎంపిక గేబుల్, ఆ తర్వాత మొంగె. సన్నక్జి మీద నాకు మనసు పోదు. ఆక్టోపస్‌కు నొప్పి తెలుస్తుంది. బ్రిటన్ 2022లో చేసిన జంతు సంక్షేమ చట్టంలో దాన్నీ బాధ తెలిసే జీవుల్లో చేర్చారు. అంత తెలివైన జీవిని పళ్ళెంలో కదలాడుతుండగా తినడం నాకు బాధగానే ఉంటుంది.

లివర్ జబ్బున్నవాళ్ళు, గర్భిణులు ఈ మూడింటి జోలికీ పోవద్దు. వేసవిలో సముద్రపు నీళ్ళలో పెరిగే విబ్రియో బ్యాక్టీరియా లివర్ బలహీనంగా ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి తెస్తుంది. నక్జి రుచే కావాలంటే ఎర్రగా వేయించిన నక్జి పొక్కుమ్ ఉంది. దాని కారం మనవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది, వేడి అన్నంతో ఇంకా బాగుంటుంది.