కుండీయా, సిక్ ప్లాటా? నులిపురుగుల పరీక్షకు ఏది మేలు?

రాజేంద్రనగర్‌లో ఎమ్మెస్సీ చేసే పిల్లలు, విత్తన కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేశారంటే ఎక్కువగా ఇదే ప్రశ్న. "సార్, టమాటా లైన్లు వేరుబుడిపె నులిపురుగుకు తట్టుకుంటాయో లేదో కుండీల్లో చూడాలా, సిక్ ప్లాట్‌లోనా?" (ఈ పురుగు వేళ్లలో దూరి బుడిపెలు పుట్టిస్తుంది. లైన్లంటే ఇంకా రకంగా విడుదల కాని మొక్కలు. సిక్ ప్లాట్ అంటే పరీక్ష కోసమే ఆ పురుగును ఉండనిచ్చిన చేను.) మొన్న నవంబర్‌లో నాకూ నలభై లైన్లు వచ్చి పడ్డాయి. నేను కుండీలకే వెళ్లాను.

సిక్ ప్లాట్‌లో సుఖం ఉంది, కాదనను. వందల లైన్లు ఒకేసారి నాటేయొచ్చు. మట్టిని స్టెరిలైజ్ చేసే చాకిరీ ఉండదు. పైగా రైతు చేలో ఉన్నట్టే ఎండు తెగులు శిలీంధ్రాలూ పురుగుతోపాటు ఉంటాయి. కానీ నులిపురుగులు చేనంతా సమంగా పరుచుకుని ఉండవు. ఒకచోట కుప్పగా ఉంటాయి, నాలుగడుగులు పక్కకు జరిగితే పెద్దగా దొరకవు. కొన్నేళ్ల క్రితం ఒక ప్లాట్‌లో వేళ్లు కడిగితే తెల్లగా వచ్చిన లైన్‌ను చూసి తెగ సంబరపడ్డాం. మరుసటి ఏడాది కుండీలో పెడితే దాని వేళ్లు అల్లం కొమ్ముల్లా తేలాయి. మొదటిసారి ఆ మొక్కలకు పురుగే తగల్లేదన్నమాట.

నాకు అసలు విషయం ఇదే: మొక్కకు ఎన్ని పురుగులు ఇచ్చామో తెలియకపోతే, అది తట్టుకుందని ఎలా అంటాం? కిలో మట్టి పట్టే కుండీలో వేళ్ల దగ్గర 2,000 పిల్ల పురుగులు లెక్కపెట్టి పోస్తే ఆ అనుమానం ఉండదు. 45 నుంచి 60 రోజులకు మొక్క పీకి చూడాలి. చాలామంది వేళ్ల బుడిపెలను బట్టి 0 నుంచి 5 దాకా మార్కు వేసే గాల్ ఇండెక్స్‌తో ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. వేళ్లను పల్చటి బ్లీచ్ ద్రావణంలో కుదిపి గుడ్లు కూడా లెక్కపెట్టండి. వచ్చిన గుడ్లను పోసిన పురుగులతో భాగిస్తే 1 కంటే తక్కువ రావాలి. కాపు బాగానే ఇస్తూ గుడ్లు వేలల్లో పెంచే మొక్కలూ ఉంటాయి. అలాంటి మొక్క వేసిన రైతుకు ఈ పంట దక్కినా, వచ్చే పంటకు చేనంతా పురుగే. (పెసర, సోయా వాళ్లకు ఒక మాట: వేలితో నెడితే ఊడేది మేలుచేసే రైజోబియం బ్యాక్టీరియా బుడిపె. వేరే ఉబ్బి ఉంటే పురుగు పని.)

కుండీకీ ఒక గండం ఉంది, మన ఎండ. ఈ పురుగును అడ్డుకోవడానికి టమాటాలో ఎక్కువగా వాడే ఎంఐ (Mi) జన్యువు మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే సరిగా పనిచేయదు. ఏప్రిల్‌లో నల్ల పాలిథిన్ కవర్లలో పరీక్ష పెడితే మంచి రకం కూడా ఫెయిలవుతుంది. అందుకే నవంబర్‌లో మొదలుపెట్టి ఫిబ్రవరిలోపు ముగిస్తాను.

మార్కర్ పరీక్ష, అంటే డీఎన్‌ఏలో జన్యువును వెతికే పరీక్ష సంగతా? ఎంఐ ఉందో లేదో ఆకు ముక్కతో తేలిపోతుంది, లైన్లు వడకట్టుకోవడానికి చాలు. జామ తోటల్ని పట్టుకున్న ఎంటెరోలోబీ అనే వేరుబుడిపె నులిపురుగు జాతిని మాత్రం ఆ జన్యువు ఆపలేదు. అగార్ జెల్లీలో వేళ్లు పెంచి పురుగును వదిలే ప్లేట్లు క్లాసులో చూపించడానికి బాగుంటాయి.

నా నలభైలో ఆరు మిగిలాయి. వాటిని ఇప్పుడు సిక్ ప్లాట్‌లో పెడుతున్నా, ప్రతి వరసకూ రెండు పక్కలా పురుగుకు తేలిగ్గా లొంగే పూసా రూబీ టమాటా వేసి. పక్కనున్న పూసా రూబీ వేరుకు బుడిపెలు రాకపోతే ఆ వరస లెక్కలోకి తీసుకోను.