మైకొనొస్‌లో సముద్రం కనిపించే టేబుల్‌కి రేటు వేరు

గ్రీసు ద్వీపం మైకొనొస్ అనగానే అందరూ బీచ్ పార్టీల గురించే అడుగుతారు. మేం వాటి జోలికి పోలేదు. నడవడానికీ తినడానికీ అయితే ఆ ద్వీపంలోని అసలు ఊరు, అక్కడివాళ్లు ఖోరా అని పిలిచేది, చాలు.

ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి వచ్చే ఫెర్రీ ఊళ్లోకి రాదు, తూర్లోస్ దగ్గరి కొత్త రేవులో దింపుతుంది. టాక్సీ కోసం పోటీ పడకుండా అక్కడే ఉండే సీ బస్ అనే పడవ ఎక్కితే తిన్నగా పాత రేవుకి చేరుస్తుంది. రూమ్ మాత్రం ఫాబ్రికా బస్టాండ్ దగ్గర్లోనే వెతుక్కోండి. ఊరి లోపలి సందుల్లోకి కార్లు రావు, సూట్‌కేసు రాతి పలకల మీద టకటకమంటూ లాక్కెళ్లాల్సిందే. మా రూమ్ చిన్నదే, బాల్కనీ కూడా లేదు, కానీ తలుపు తీస్తే ఊళ్లో ఉంటాం. స్విమ్మింగ్ పూల్ ఉన్న రిసార్ట్‌లన్నీ ఊరికి దూరం. రాత్రి భోంచేసి తిరిగి వెళ్లడమే పెద్ద టెన్షన్.

నడకకి సరైన టైమ్ ఉదయం. క్రూయిజ్ షిప్పుల జనం దిగాక మాటొయాన్ని వీధిలో భుజం భుజం రాసుకుంటూ నడవాలి. పొద్దున్నే అయితే బ్రాండెడ్ షాపులన్నీ మూసే ఉంటాయి, గుమ్మాలు కడుగుతున్న ఆడవాళ్లు, పిల్లులు తప్ప ఎవరూ ఉండరు. నేల మీద పలకల అతుకులన్నిటికీ తెల్ల సున్నం గీతలు గీస్తారు, ఆ పని చేస్తున్న ఒకాయన్ని చూశాం. వంగి, బ్రష్‌తో, ఒక్కో పలక చుట్టూ. దారి తప్పుతారు, తప్పండి. ఎటు తిరిగినా చివరికి సముద్రమో చిన్న చర్చో తగులుతుంది. ఐదు చిన్న చర్చిలు కలిసిపోయి ఒకే తెల్లటి ముద్దలా నిలబడ్డ పరాపోర్తియాని దగ్గర కాసేపు కూర్చోవాలి. నాకు ఊళ్లోని పాత గాలిమరల కంటే అదే నచ్చింది. మరల దగ్గర సెల్ఫీల తోపులాట ఎక్కువ. ఊరికి గుర్తుగా మారిన పెలికాన్ ఒకటి రేవు దగ్గర తిరుగుతూ కనిపించింది. 1958లో తుపానుకి కొట్టుకొచ్చిన పెత్రోస్ అనే పక్షిని జాలరులు కాపాడి పెంచారట. అది 1985లో చనిపోయాక వేరేవి తెచ్చుకున్నారు.

ఇక తిండి. ఊళ్లో నీటి అంచునే ఉన్న లిటిల్ వెనిస్ పేటలో అలలు టేబుల్ కాళ్ల దాకా చిమ్ముతుంటాయి, సూర్యాస్తమయం అద్భుతం. అక్కడ ఒక్క డ్రింక్ తీసుకుని లేచిపోండి. మేం మాత్రం పక్కనే ఒకచోట భోజనం కూడా చేశాం. సాదా పాస్తా, చల్లారిన కలమారి (స్క్విడ్), అడక్కుండానే బ్రెడ్డుకీ నీళ్లకీ వేసిన చార్జీ. చేప తినాలనుకుంటే మెనూలో ధర కిలోకి ఉంటుంది, ప్లేటుకి కాదు. మన కళ్ల ముందే తూచమని, మొత్తం ఎంతవుతుందో ముందే చెప్పమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

లోపలి సందుల్లోని టావెర్నాలో, అంటే మామూలు భోజనశాలలో, తిన్నదే నిజమైన భోజనం. మోస్త్రా తప్పకుండా రుచి చూడండి: గట్టి బార్లీ రస్కు మీద టమాటా ముక్కలు, పైన కొపనిస్తి చీజ్. నాలుక మీద చురుక్కుమనే ఘాటు, పచ్చడి లేక చచ్చుబడిన నోటికి ప్రాణం లేచొచ్చింది. శాకాహారులకి ఇబ్బంది లేదు, పెద్ద చిక్కుడు గింజల యిగాన్దెస్, బియ్యం కూరిన టమాటాల యెమిస్తా దొరుకుతాయి. యెమిస్తాలో ఒక్కోచోట కీమా వేస్తారు కాబట్టి అడిగి తీసుకోండి. మాంసం తినేవాళ్లు మధ్యాహ్నం పిటా రొట్టెలో కాల్చిన మాంసం పెట్టే యీరోస్ చుట్టించుకుంటే కడుపూ నిండుతుంది, జేబూ మిగులుతుంది.

జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి జోరుగా వీస్తుంది, పక్కనున్న డెలోస్ ద్వీపంలోని ప్రాచీన శిథిలాలకి వెళ్లే పడవలు ఆపేస్తుంటారు. అందుకే డెలోస్‌ని ఆఖరి రోజుకి పెట్టుకోవద్దు. ఊరికి రెండు రాత్రులు చాలు. ఇంకా సెలవుంటే ఫెర్రీలో నక్సోస్ ద్వీపానికి వెళ్లండి, అక్కడ తిండీ రూములూ చాలా చవక.