కరెంటు లైను లేని ఇంట్లో ఏడాదిగా ఈ సోలార్ కిట్
ప్యానెళ్లు బాగున్నాయి, వారానికోసారి దుమ్ము తుడిస్తే చాలు. అసలు ఇబ్బందంతా బ్యాటరీతోనే. 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ అని ఉంటే, రెండూ గుణించి 1200 వాట్ అవర్లు (అంటే 1200 వాట్ల సామాను గంటసేపు నడిపేంత కరెంటు) చేతికొచ్చినట్టే అనుకున్నాను కానీ, లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా దెబ్బతింటుంది కాబట్టి నిశ్చింతగా వాడుకోగలిగేది దాదాపు 600 మాత్రమే, ఆ ముక్క కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు. ఇది చెప్పి అమ్మాలి కదా! 1000 వాట్ల హీటర్ అరగంట నడిపితే 500 అయిపోయినట్టే. ఇన్వర్టర్ కూడా ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత లాగుతూనే ఉంటుంది, రాత్రిపూట ఆపేయండి.

వరుసగా మూడు రోజులు మబ్బు పట్టినప్పుడు మాత్రం చాలా టెన్షన్ పడ్డాం. లైట్లు లేకపోయినా సర్దుకోవచ్చు, పంపు ఆగిపోయి నీళ్లకు ఇబ్బంది పడటం వేరు. అప్పటినుంచి ఎండ ఉన్నప్పుడే పైన ట్యాంకు నింపేస్తున్నాం, తర్వాత కరెంటుతో పనిలేకుండా నీళ్లు వాటంతటవే కిందికొస్తాయి.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గిందేమో చూస్తూ ఉండాలి. మళ్లీ కొంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీయే తీసుకుంటాను, ధర ఎక్కువే కానీ 80 శాతం దాకా వాడుకోవచ్చు. ఐదుకి మూడు స్టార్లు, అవి కూడా ప్యానెళ్లకే.