సప్తగిరి, యాదగిరి: ఇరవై ఏళ్లుగా చూస్తున్న ప్రేక్షకుడి సమీక్ష

దూరదర్శన్ సప్తగిరిని దాదాపు ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. రాష్ట్ర విభజన తరువాత 2014లో హైదరాబాద్ కేంద్రం నుంచి యాదగిరి మొదలయ్యాక దానినీ చూస్తున్నాను. వార్తలకూ సినిమాలకూ వేరే ఛానెళ్లు కావలసినన్ని ఉన్నాయి. నేను వీటిని పెట్టేది జానపద కళలనూ, వాటిని తరతరాలుగా నిలబెడుతున్న కుటుంబాలనూ తీరిగ్గా చూపే కార్యక్రమాల కోసమే కనుక ఈ సమీక్ష కూడా వాటి గురించే.

ఆ తీరికే ఈ ఛానెళ్ల అసలు బలం. 2022లో పద్మశ్రీ వచ్చాక కిన్నెర మొగులయ్య చాలా ఛానెళ్లలో కనిపించారు గానీ, రెండు నిమిషాల ముక్కలో పాట చెవిన పడుతుందే తప్ప, ఆయన తంతి వాద్యమైన కిన్నెర పన్నెండు మెట్ల మీద వేళ్లు ఎక్కడ ఆగుతున్నాయో, పాటకూ మాటకూ మధ్య వాద్యం కథను ఎలా నడుపుతోందో తెలియదు. డోలు దెబ్బల మధ్య మల్లన్న వంటి దేవుళ్ల కథను పాడుతూ, ఆడుతూ చెప్పే ఒగ్గుకథ విషయంలో ఈ తేడా మరీ స్పష్టం. పల్లెలో మల్లన్న కథ రాత్రంతా సాగుతుంది. దానిని అరగంటకు కుదించడం అన్యాయమే అయినా, ఆ అరగంట కత్తిరింపులు లేకుండా సాగితే, ప్రధాన కథకుడు చెబుతున్నవాడల్లా చూస్తుండగానే పాత్రగా మారిపోవడం, డోలు దెబ్బ ఆ మార్పును ముందే పసిగట్టడం మనకు పట్టుబడతాయి. మొదట్లో ఆ నిదానం నాకూ విసుగనిపించింది. కొన్ని నెలలకు గాని నా కన్ను దానికి అలవాటు పడలేదు.

తోలుబొమ్మలాట మీద వచ్చే కార్యక్రమాలలో నాకు నచ్చేవి తెర వెనక్కి వెళ్లేవి. నిమ్మలకుంట కళాకారులు తోలును పారదర్శకం అయ్యేదాకా శుభ్రపరచి, రంగులు వేసి, సన్నని రంధ్రాలతో నగలు తొడగడం చూసిన తరువాత, తెర మీద రావణుడి కిరీటం ఎందుకు అలా మెరుస్తుందో ఎవరూ వివరించనక్కరలేదు.

బుర్రకథ చిత్రీకరణతో మాత్రం నాకు పేచీ ఉంది. పేరెందుకు గాని, ఒక ప్రాంతీయ ఛానెల్‌లో గంటసేపు చూసిన కథలో కెమెరా కథకుడి ముఖాన్ని వదలలేదు. బుర్రకథలో సగం ప్రాణం వంతలది, అంటే కథకుడికి అటూ ఇటూ నిలిచి వంత పాడే ఇద్దరిది. ఒకరు హాస్యం, మరొకరు లోకం తీరు మీద వ్యాఖ్య అందుకుంటేనే కథకుడి మాటకు పదును వస్తుంది. చివరి పేర్లలోనూ కథకుడొక్కడే కనిపించాడు, వంతలిద్దరూ “బృందం” అయిపోయారు. అలాగే, కళాకారుడు మాట్లాడబోతుండగా వ్యాఖ్యాత అందుకుని పొగడ్తలు కురిపించడం ఈ తరహా కార్యక్రమాలకు పాత జబ్బు. వేడుక చేయడమంటే అడ్డుపడడం కాదు కదా.

చూడడానికి ఖర్చు పెద్దగా లేదు. డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు. డిష్, సెట్‌టాప్ బాక్సు కొనుక్కుంటే చాలు. కేబుల్‌లో నేను పడ్డ ఇబ్బంది వేరు: మా ఆపరేటరు చెప్పాపెట్టకుండా నెంబరు మార్చడంతో వారం రోజులు వెతుక్కున్నాను. రెండు ఛానెళ్లూ యూట్యూబ్‌లో ఉన్నాయి కనుక తప్పిపోయినవాటిని అక్కడ చూడవచ్చు. అయితే ఎక్కడ చూసినా ఇలాంటి వీడియోల శీర్షికలో కళాకారుల పేరు, ఊరి పేరు లేకపోతే, మళ్లీ కావాలన్నప్పుడు దొరకవు.

అందుకే ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. చూసిన తేదీ, కళారూపం, తెర మీద వచ్చిన పేర్లన్నీ రాసుకుంటాను. బుర్రకథ అయితే వంతల పేర్లకు రెండు గీతలు ముందే గీసి ఉంచుతాను. కొన్నిసార్లు అవి నిండుతున్నాయి.